అనలాగ్ కంప్రెసర్ సర్క్యూట్లు ధ్వని స్వభావాన్ని ఎలా మారుస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోనే చిన్న స్టూడియో ఏర్పాటు చేసుకున్నవారు, మొదటిసారి అనలాగ్ యూనిట్ కొనబోతున్నవారు, పాత యంత్రాల పేర్లున్న ప్లగిన్లు వాడుతున్నవారు దాదాపు ఒకే రకమైన సందేహాలు అడుగుతూ ఉంటారు. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. కంప్రెసర్ మూడు చోట్ల ధ్వనిని మారుస్తుంది: సిగ్నల్‌ను తగ్గించే భాగంలో, ఆ తగ్గింపును నడిపించే కంట్రోల్ వోల్టేజ్ వేగంలో, సిగ్నల్ దాటే యాంప్లిఫయర్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో. ప్రచారమంతా మూడోదానికి దక్కుతోంది కానీ చెవికి తెలిసే మార్పులో పెద్ద వాటా రెండోదానిదే.

## సర్క్యూట్ల జోలికి వెళ్లే ముందు

కంప్రెసర్ పని పెద్ద శబ్దాన్ని తగ్గించడమే కదా, ధ్వని స్వభావం ఎందుకు మారాలి?

శబ్దాన్ని తగ్గించడం ఒక్క క్షణంలో జరిగి అదే స్థాయిలో నిలిచిపోతే ఏ మార్పూ ఉండదు, అది వాల్యూమ్ నాబ్ తిప్పినట్టే అవుతుంది. కంప్రెసర్‌లో మాత్రం గెయిన్ (సిగ్నల్‌ను పెంచే లేదా తగ్గించే మోతాదు) నిరంతరం కదులుతూనే ఉంటుంది. కదులుతున్న గెయిన్‌తో సిగ్నల్‌ను గుణించినప్పుడు, మూల సిగ్నల్‌లో లేని కొత్త పౌనఃపున్యాలు పుట్టడం గణితపరంగా అనివార్యం. గెయిన్ నెమ్మదిగా కదిలితే ఆ కొత్త భాగాలు అసలు స్వరానికి అతి దగ్గరగా ఉండి వినపడవు, వేగంగా కదిలితే దూరంగా జరిగి కరుకుదనంగానో నిండుదనంగానో వినపడతాయి. అంటే ఏ లోపమూ లేని ఆదర్శ కంప్రెసర్ కూడా ధ్వనిని కొంత మారుస్తుంది. నిజమైన సర్క్యూట్‌లోని భాగాల వంకరలు దానిపైన అదనంగా చేరతాయి.

డిస్టార్షన్ అంటే లోపం కదా, అది చెవికి ఇంపుగా ఎలా ఉంటుంది?

కొద్ది మోతాదులో పుట్టే హార్మోనిక్స్ (మూల పౌనఃపున్యానికి రెండు, మూడు వంటి రెట్లలో ఉండే స్వరాలు) అసలు స్వరంతో సంగీతపరమైన సంబంధం కలిగి ఉంటాయి కాబట్టి. మంద్ర షడ్జాన్ని మూలంగా తీసుకుంటే దాని రెండో హార్మోనిక్ మధ్యస్థాయి షడ్జం, మూడోది మధ్యస్థాయి పంచమం, నాలుగోది తారస్థాయి షడ్జం, అయిదోది తారస్థాయి అంతర గాంధారం. మన తంబురా నాదంలో సహజంగా వినపడేవీ ఇవే. అందువల్ల రెండు, మూడు హార్మోనిక్స్ కొంచెం పెరిగితే చెవి దాన్ని లోపంగా కాక నిండుదనంగా స్వీకరిస్తుంది. ఏడు, పదకొండు, పదమూడు వంటి పై హార్మోనిక్స్ పెరిగితే అవి మన స్వరస్థానాలకు సరిగా అతకవు, పైగా అసలు స్వరానికి దూరంగా ఉండి మరుగుపడవు. అప్పుడు వినపడేది రాపిడి. కాబట్టి యూనిట్ పెట్టె మీద ముద్రించే మొత్తం డిస్టార్షన్ శాతం ఒక్కటే చూసి ఏమీ తేల్చలేము. ఒకే శాతం ఉన్న రెండు యూనిట్లలో ఒకటి ముద్దుగా, మరొకటి గరుకుగా ఉండవచ్చు.

గెయిన్ రిడక్షన్ మీటరు సున్నా దగ్గరే ఉంది, అయినా శబ్దం మారినట్టుంది. భ్రమేనా?

భ్రమ కాకపోవచ్చు. తగ్గింపు జరగకపోయినా సిగ్నల్ ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, గెయిన్ దశలు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాటుతూనే ఉంటుంది. 1176 అనే ప్రసిద్ధ కంప్రెసర్‌లో అటాక్ నాబ్‌ను (ఎంత వేగంగా పట్టుకోవాలో నిర్ణయించేది) పూర్తిగా ఎడమవైపు తిప్పితే కంప్రెషన్ ఆగిపోయి, సిగ్నల్ మాత్రం యాంప్లిఫయర్ల గుండా వెళుతుంది. ఎందరో ఇంజినీర్లు దాన్ని అలా కేవలం స్వభావం కోసమే వాడుతుంటారు. అయితే మార్పు వినపడిందని నమ్మే ముందు రెండు స్థాయిలూ సమానంగా ఉన్నాయో లేదో కొలవండి. అర డెసిబెల్ పెరిగినా మన చెవి దాన్ని నాణ్యతగా పొరబడుతుంది.

మీటరు ముల్లు 2 డెసిబెల్సే చూపిస్తోంది, కానీ శబ్దం బాగా నలిగినట్టుంది. ఎందుకు?

వీయూ మీటరు ముల్లు దాదాపు 300 మిల్లీసెకన్లలో గానీ తన స్థానానికి చేరదు. వేగంగా పట్టి వేగంగా వదిలే కంప్రెసర్ ఆ లోపలే 10 డెసిబెల్స్ తగ్గించి, మళ్లీ పైకి వచ్చేసి ఉండవచ్చు. ముల్లు చూపేది సగటు కదలిక మాత్రమే. తాళవాద్యాల మీద పని చేసేటప్పుడు మీటరును పక్కన పెట్టి చెవిని నమ్మడం మేలు.

రిలీజ్ వేగం పెంచితే కింది స్వరాలు బరబరమంటున్నాయి. యూనిట్ పాడైందా?

పాడవలేదు. కంప్రెసర్ శబ్దస్థాయిని కొలవడానికి సిగ్నల్‌ను రెక్టిఫై చేసి (ఒకే దిశలోకి మార్చి), ఒక కెపాసిటర్‌లో నింపి, రెసిస్టర్ ద్వారా వదులుతుంది. ఆ వదిలే కాలమే రిలీజ్. 100 హెర్ట్జ్ స్వరం ఒక చక్రం పూర్తి చేయడానికి 10 మిల్లీసెకన్లు, 50 హెర్ట్జ్ స్వరం 20 మిల్లీసెకన్లు తీసుకుంటాయి. రిలీజ్ 50 మిల్లీసెకన్లకు దిగితే, ఒక శిఖరానికీ తరువాతి శిఖరానికీ మధ్యనే కెపాసిటర్ కొంత ఖాళీ అయిపోయి గెయిన్ పైకి లేస్తుంది, మళ్లీ శిఖరం రాగానే కిందికి పడుతుంది. 50 హెర్ట్జ్ స్వరం మీద 10 డెసిబెల్స్ తగ్గింపు నడుస్తున్నప్పుడు, అర చక్రంలోనే సుమారు 2 డెసిబెల్స్ మేరకు ఇలా ఊగిసలాట ఉంటుందని లెక్క వేయవచ్చు.

ఈ ఊగిసలాట ఏ హార్మోనిక్‌ను పుట్టిస్తుందో రెక్టిఫయర్ నిర్ణయిస్తుంది. రెండు అర చక్రాలనూ కొలిచే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ అయితే 100 హెర్ట్జ్ స్వరానికి కంట్రోల్ వోల్టేజ్ 200 హెర్ట్జ్‌తో ఊగుతుంది, ఆ రెంటి గుణకారం వల్ల 300 హెర్ట్జ్, అంటే మూడో హార్మోనిక్ వస్తుంది. ఒక అర చక్రాన్నే కొలిచే హాఫ్‌వేవ్ అయితే ఊగిసలాట 100 హెర్ట్జ్‌తోనే ఉండి రెండో హార్మోనిక్ పుడుతుంది. బేస్ గిటార్ మీద వేగంగా నడిచే కంప్రెసర్ ఇచ్చే ఆ గుర్రుమనే నిండుదనంలో చాలా భాగం ఇదే. దాన్ని ట్యూబ్ వెచ్చదనమనో, ట్రాన్స్‌ఫార్మర్ మహిమ అనో చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆ గుర్రు వద్దనుకుంటే రిలీజ్‌ను 200 మిల్లీసెకన్ల పైకి తీసుకెళ్లండి, లేదా సైడ్‌చెయిన్‌లో (స్థాయిని కొలిచే దారిలో) కింది పౌనఃపున్యాలను ఆపే హైపాస్ ఫిల్టర్ ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి.

## సర్క్యూట్ రకాలు, వాటి స్వభావం

ట్యూబ్ కంప్రెసర్లు సరి హార్మోనిక్స్ ఇస్తాయి, అందుకే తీయగా ఉంటాయి అంటారు. నిజమేనా?

ఒంటరి ట్యూబ్ దశకు అది చాలావరకు నిజం, కానీ ప్రసిద్ధమైన ట్యూబ్ కంప్రెసర్లకు అంతగా వర్తించదు. ఫెయిర్‌చైల్డ్ 660, దాని స్టీరియో రూపమైన 670 ఈ కోవలో పేరున్నవి. 1950ల చివర్లో రెయిన్ నార్మా రూపొందించిన ఈ యంత్రాల్లో 670 బరువు దాదాపు 30 కిలోలు, అందులో 20 ట్యూబ్‌లు ఉంటాయి. గ్రామఫోన్ రికార్డు చెక్కే యంత్రానికి ముందు కాపలాగా ఉండడం దాని అసలు ఉద్యోగం.

ఇందులో సిగ్నల్‌ను తగ్గించేది ట్యూబే. గ్రిడ్ తీగను అంతటా ఒకే దూరంలో కాకుండా ఎడంగా, దగ్గరగా చుట్టిన ప్రత్యేక ట్యూబ్‌లు వాడతారు. గ్రిడ్‌కు ఇచ్చే బయాస్ వోల్టేజ్ మరింత ఋణాత్మకం అయ్యేకొద్దీ ట్యూబ్ ఒక్కసారిగా ఆగిపోకుండా క్రమంగా గెయిన్ కోల్పోతుంది. అందువల్ల త్రెషోల్డ్ (తగ్గింపు మొదలయ్యే స్థాయి) దగ్గర మలుపు చాలా మెత్తగా ఉంటుంది, శబ్దం పెరిగేకొద్దీ రేషియో (ఎంత గట్టిగా తగ్గించాలన్న నిష్పత్తి) తనంతట తానే పెరుగుతుంది. ఈ మెత్తదనమే ఆ యంత్రాల ముఖ్యమైన స్వభావం.

ఇక హార్మోనిక్స్ సంగతి. బయాస్ మార్పు సిగ్నల్‌లో ధబ్బుమని వినపడకుండా ట్యూబ్‌లను ఎదురెదురు జతలుగా, పుష్-పుల్ పద్ధతిలో అమర్చుతారు. జత సరిగ్గా సమతూకంగా ఉంటే ఆ ధబ్బుతో పాటు సరి హార్మోనిక్స్ కూడా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేవి ఎక్కువగా బేసి హార్మోనిక్సే. ట్యూబ్‌లు పాతబడి జత తప్పినప్పుడే రెండో హార్మోనిక్ తల ఎత్తుతుంది. అంటే కొందరు మెచ్చుకునే ఆ తీపి, ట్యూబ్‌లు మార్చే సమయం వచ్చిందని చెప్పే గుర్తు కూడా కావచ్చు.

ఎల్ఏ-2ఏకి అటాక్, రిలీజ్ నాబ్‌లే లేవు. మరి అంత మంది ఎందుకు ఇష్టపడతారు?

నాబ్‌లు లేకపోవడం లోపం కాదు, ఆ పని లోపలి పదార్థమే చేస్తుంది. టెలిట్రోనిక్స్ సంస్థ కోసం జిమ్ లారెన్స్ రూపొందించిన ఈ యూనిట్‌లో టీ4 అనే చిన్న డబ్బా ఉంటుంది. అందులో విద్యుత్తు అందితే వెలిగే ఒక పలక, దానికి ఎదురుగా వెలుతురు పడితే నిరోధం తగ్గే కాడ్మియం సల్ఫైడ్ ఫోటోరెసిస్టర్లు ఉంటాయి. శబ్దం పెరిగితే పలక వెలుగుతుంది, నిరోధం తగ్గుతుంది, సిగ్నల్‌లో కొంత భాగం నేలకు మళ్లిపోతుంది.

కాడ్మియం సల్ఫైడ్ వెలుతురును వెంటనే మరచిపోదు. అటాక్ సగటున 10 మిల్లీసెకన్లు. వదిలేటప్పుడు మొదటి సగం సుమారు 60 మిల్లీసెకన్లలో తిరిగి వస్తుంది, మిగతా సగానికి అర సెకను నుంచి 5 సెకన్ల దాకా పడుతుంది. అంతకుముందు ఎంతసేపు, ఎంత తీవ్రంగా వెలుతురు పడిందన్నదాన్ని బట్టి ఈ రెండో భాగం మారుతుంది. గాయకుడు ఒక్క అక్షరాన్ని నొక్కి పలికితే యూనిట్ వెంటనే కోలుకుంటుంది, పల్లవి అంతా ఎత్తుగా పాడితే నెమ్మదిగా వదులుతుంది. ఏ రెండు నాబ్‌లతోనూ దీన్ని సరిగ్గా అనుకరించడం కష్టం. పైగా గెయిన్ ఇంత నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కింది స్వరాల్లో ఊగిసలాట వల్ల వచ్చే డిస్టార్షన్ చాలా తక్కువ. ఫోటోరెసిస్టర్ స్వయంగా చాలా శుభ్రమైన భాగం. ఎల్ఏ-2ఏలో వినపడే హార్మోనిక్స్ ఎక్కువగా దాని ట్యూబ్ యాంప్లిఫయర్, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చేవే. అదే టీ4ను ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌తో కలిపిన ఎల్ఏ-3ఏను పక్కన పెట్టి వింటే ఆ తేడా తేటగా తెలుస్తుంది.

1176 అంత వేగంగా ఎలా పట్టుకుంటుంది? ఆ వేగం వల్ల ఏమి మారుతుంది?

బిల్ పుట్నమ్ 1967లో తెచ్చిన ఈ యూనిట్‌లో సిగ్నల్‌ను తగ్గించేది ఫెట్, అంటే ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్. దాన్ని వోల్టేజ్‌తో మారే రెసిస్టర్‌లా వాడతారు. వెలుతురు, వేడి వంటి మధ్యవర్తులేమీ లేవు కాబట్టి అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది. రిలీజ్ 50 మిల్లీసెకన్ల నుంచి 1.1 సెకన్ల వరకు. 10 కిలోహెర్ట్జ్ చక్రం ఒక్కటి పూర్తి కావడానికే 100 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే ఇది ఒక్క చక్రంలో అయిదో వంతు కాలంలోనే స్పందించగలదు. అలా స్పందించినప్పుడు అది శబ్దం ఎత్తును కాకుండా తరంగం ఆకారాన్నే చెక్కడం మొదలుపెడుతుంది.

ఫెట్ చిన్న వోల్టేజ్‌ల దగ్గర మాత్రమే నమ్మకమైన రెసిస్టర్. సిగ్నల్ పెరిగితే దాని నిరోధం సిగ్నల్‌తో పాటు మారి రెండో హార్మోనిక్ పుడుతుంది. అందుకే సిగ్నల్‌ను ముందు బాగా తగ్గించి ఫెట్‌కు ఇచ్చి, తరువాత పెంచుతారు. డ్రెయిన్ వోల్టేజ్‌లో సగాన్ని గేట్‌కు కలిపే ఉపాయంతో రెండో హార్మోనిక్‌ను చాలావరకు అణచవచ్చు. ఒక హెచ్చరిక: ఈ యూనిట్‌లో అటాక్, రిలీజ్ నాబ్‌లను కుడివైపు తిప్పితే వేగం పెరుగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, పరుషాలన్నీ నలిగిపోయిన గొంతును చూసి ఆశ్చర్యపోతుంటారు.

నాలుగు రేషియో బటన్లూ ఒకేసారి నొక్కితే ఏమవుతుంది?

1176లో 4, 8, 12, 20 అనే నాలుగు బటన్లను కలిపి నొక్కితే రేషియో 12కీ 20కీ మధ్య ఎక్కడో పడుతుంది, దానితో పాటు సర్క్యూట్‌లో బయాస్ స్థానాలు మారిపోతాయి. తొలి దెబ్బను పట్టుకోవడంలో కొంత ఆలస్యం వస్తుంది, ఆ తరువాత తగ్గింపు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, డిస్టార్షన్ బాగా పెరుగుతుంది. డ్రమ్స్ ఉన్న గది మైక్ మీద ఇది అద్భుతంగా పని చేస్తుంది. వీణ మీద పెట్టాలనే ఉత్సాహాన్ని మాత్రం ఆపుకోవడం మంచిది.

డయోడ్ బ్రిడ్జ్ కంప్రెసర్లు బరువుగా వినపడతాయంటారు. కారణం ఏమిటి?

1969 నాటి నీవ్ 2254 ఈ కోవకు చెందినది. డయోడ్ గుండా పంపే కంట్రోల్ కరెంటు పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది, ఆ గుణాన్ని వాడుకుని నాలుగు డయోడ్ల వంతెనతో సిగ్నల్‌ను తగ్గిస్తారు. డయోడ్ కొద్ది మిల్లీవోల్టుల దగ్గరే సరళంగా ఉంటుంది కాబట్టి సిగ్నల్‌ను ముందుగా బాగా చిన్నది చేసి, తరువాత సుమారు 40 డెసిబెల్స్ పెంచాలి. ఆ పెంచే యాంప్లిఫయర్, దాని ట్రాన్స్‌ఫార్మర్ తమ ముద్ర వేస్తాయి, కొంత హిస్స్ కూడా వస్తుంది. వంతెన సమతూకంగా ఉంటుంది కాబట్టి మూడో హార్మోనిక్ ప్రధానం. మూడో హార్మోనిక్ మధ్య పౌనఃపున్యాలను దట్టం చేస్తుంది, అందుకే ఆ బరువు.

వీసీఏ (వోల్టేజ్‌తో గెయిన్ మారే యాంప్లిఫయర్) కంప్రెసర్‌కు స్వభావమే ఉండదా?

డేవిడ్ బ్లాక్‌మర్ 1970ల తొలి నాళ్లలో రూపొందించిన గెయిన్ సెల్ సిగ్నల్‌ను లాగరిథమ్‌గా మార్చి, కంట్రోల్ వోల్టేజ్‌ను కలిపి, తిరిగి మామూలు రూపానికి తెస్తుంది. ట్రాన్సిస్టర్లు బాగా జత కుదిరితే డిస్టార్షన్ చాలా తక్కువ. తగ్గింపు కూడా డెసిబెల్స్‌లో లెక్క ప్రకారం నడుస్తుంది. కాబట్టి భాగం వరకే చూస్తే ఇది దాదాపు శుభ్రమే.

అయినా డీబీఎక్స్ 160 పేరు చెబితే బిగువైన కిక్ డ్రమ్ గుర్తుకు రావడానికి కారణం కాలగతి. అది శిఖరాన్ని కాక ఆర్ఎంఎస్ విలువను (ఒక రకమైన సగటును) కొలుస్తుంది, అటాక్, రిలీజ్ నాబ్‌లు లేవు, సిగ్నల్ ఎంత ఎగిస్తే అంత వేగంగా స్పందిస్తుంది. దెబ్బ ముందు అంచు కొంత తప్పించుకుని బయటపడుతుంది, వెంటనే వెనుక భాగం గట్టిగా నొక్కబడుతుంది. ఎస్ఎస్ఎల్ 4000 కన్సోల్‌లోని బస్ కంప్రెసర్‌దీ ఇదే కథ. అందులో మిక్స్‌ను ఒకటిగా అంటిపెట్టినట్టు చేసేది హార్మోనిక్స్ కాదు, పాట నడకతో పాటు ఊపిరి తీసుకునే గెయిన్. శుభ్రమైన భాగంతో కూడా ఇంత గుర్తుపట్టగల స్వభావం వస్తోందంటే, హార్మోనిక్స్‌కు మనం ఇచ్చే ప్రాధాన్యం కాస్త ఎక్కువేనని నాకనిపిస్తుంది.

ఫీడ్‌బ్యాక్, ఫీడ్‌ఫార్వర్డ్ తేడా చెవికి తెలుస్తుందా?

తెలుస్తుంది. ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో డిటెక్టర్ (స్థాయిని కొలిచే భాగం) అప్పటికే తగ్గిన అవుట్‌పుట్‌ను చూస్తుంది, కాబట్టి తన పనిని తానే దిద్దుకుంటూ, మలుపును మెత్తబరుస్తుంది. ఫెయిర్‌చైల్డ్, ఎల్ఏ-2ఏ, 1176 ఇలాంటివే. ఫీడ్‌ఫార్వర్డ్‌లో డిటెక్టర్ ఇన్‌పుట్‌ను చూస్తుంది. త్రెషోల్డ్, రేషియో కచ్చితంగా చెప్పినట్టే పని చేస్తాయి, పట్టు గట్టిగా ఉంటుంది. డీబీఎక్స్ 160 ఈ రకం. గొంతుకు మొదటిది, తాళానికి రెండోది సాధారణంగా నప్పుతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ధ్వని వెచ్చగా ఉంటుందన్నది ఎంతవరకు నిజం?

ఏ వాద్యం మీద అన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప గుండెలో అయస్కాంత అభివాహం వోల్టేజ్‌ను పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చే విలువకు అనుగుణంగా పెరుగుతుంది. అంటే ఒకే వోల్టేజ్ దగ్గర 40 హెర్ట్జ్ స్వరం 400 హెర్ట్జ్ స్వరం కంటే పది రెట్లు ఎక్కువగా ఇనుమును అయస్కాంతీకరిస్తుంది. డిస్టార్షన్ ముందుగా వచ్చేది అట్టడుగు స్వరాల్లోనే, అదీ ఎక్కువగా మూడో హార్మోనిక్ రూపంలో. 40 హెర్ట్జ్ మూలానికి 120 హెర్ట్జ్ హార్మోనిక్ చేరితే చిన్న స్పీకర్ మీద కూడా బేస్ వినపడినట్టు అనిపిస్తుంది. ఇది నిజమైన లాభం. అదే ట్రాన్స్‌ఫార్మర్ గుండా వేణువును పంపి వెచ్చదనం వచ్చిందనడం మాత్రం చాలాసార్లు యూనిట్ ధర పలికించే మాటే.

## రికార్డింగ్, మిక్సింగ్ సమయంలో

తెలుగు పాట గొంతు మీద ఏ రకం ముందు ప్రయత్నించాలి?

పాట నడకను బట్టి నిర్ణయించుకోండి. ఎల్ఏ-2ఏ వంటి ఆప్టికల్ రకం నెమ్మదిగా పట్టుకుంటుంది కాబట్టి క, చ, ట, త, ప వంటి పరుషాల తొలి అంచు చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది, ఆ తరువాత అచ్చు మాత్రమే సర్దుకుంటుంది. సాహిత్యం స్పష్టంగా వినపడాల్సిన కీర్తనలకు, మెలొడీలకు ఇది బాగుంటుంది. వేగంగా మాటలు పడే పాటలకు ఫెట్ రకం గొంతును ముందుకు తెస్తుంది, కానీ స, శ, ష ధ్వనుల ఈల కూడా దానితో పాటు ముందుకు వస్తుంది. ఫెట్‌తో మొదలుపెట్టి శిఖరాలను 2, 3 డెసిబెల్స్ తగ్గించి, దాని వెనుక ఆప్టికల్‌తో సగటును సర్దడం ఎంతో కాలంగా వాడుకలో ఉన్న పద్ధతి. ఒక్క యూనిట్‌తోనే 8 డెసిబెల్స్ లాగడం కంటే ఇది సహజంగా వినపడుతుంది.

కంప్రెసర్ పెట్టగానే మృదంగం దెబ్బ మొద్దుబారింది. ఏమి చేయాలి?

అటాక్ మరీ వేగంగా ఉంది. మృదంగం కుడివైపు దెబ్బలో గుర్తింపునిచ్చే మెరుపంతా మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే ఉంటుంది, దాన్ని నొక్కేస్తే మిగిలేది మోత మాత్రమే. అటాక్‌ను 10 నుంచి 30 మిల్లీసెకన్లకు పెంచండి, రిలీజ్‌ను తరువాతి దెబ్బకు ముందే గెయిన్ కోలుకునేలా సర్దండి. ఎడమవైపు గుమ్‌కి (లోతుగా ఊగే మోత) వల్ల వచ్చే తగ్గింపు కుడివైపు దెబ్బలను కూడా తగ్గించేస్తుంటే సైడ్‌చెయిన్ హైపాస్ వాడాలి.

ఒక్కో ట్రాక్ మీద బాగున్న యూనిట్, మొత్తం మిక్స్ మీద పెడితే బురదగా ఉంది. ఎందుకు?

ఒకే స్వరం వంకర సర్క్యూట్ దాటితే హార్మోనిక్స్ మాత్రమే వస్తాయి. రెండు స్వరాలు కలిసి దాటితే వాటి మొత్తం, భేదం కూడా పుడతాయి. 100, 150 హెర్ట్జ్ షడ్జ పంచమాలైతే భేదం 50, మొత్తం 250. ఇవి రెండూ శ్రుతిలోనే ఉంటాయి. షడ్జం, శుద్ధ రిషభం వంటి దగ్గరి స్వరాలో, పూర్తి ఆర్కెస్ట్రానో అయితే ఈ కొత్త స్వరాలు ఏ శ్రుతికీ చెందవు. వందల స్వరాలు కలిసే మిక్స్‌లో అవి చిక్కటి పొరగా పేరుకుంటాయి. అందుకే మిక్స్ మీద 1 నుంచి 3 డెసిబెల్స్ తగ్గింపు చాలు, డిస్టార్షన్ ఎక్కువ ఇచ్చే యూనిట్లను విడి ట్రాక్‌లకే ఉంచండి.

కంప్రెస్ చేశాక ఫ్యాను చప్పుడు ఎందుకు పెరిగింది?

10 డెసిబెల్స్ తగ్గించి, ఆ తగ్గుదలను పూడ్చే మేకప్ గెయిన్‌తో 10 డెసిబెల్స్ పెంచితే, గాయకుడు ఊపిరి తీసుకునే విరామంలో తగ్గింపు ఉండదు కానీ పెంపు మాత్రం ఉంటుంది. ఆ విరామంలోని ఫ్యాను, ఏసీ, వీధి చప్పుడు అన్నీ 10 డెసిబెల్స్ పైకి లేస్తాయి. రికార్డింగ్ వేళ ఫ్యాను ఆపడానికి మించిన నివారణ లేదు.

కంప్యూటర్ నుంచి అనలాగ్ యూనిట్‌కు ఎంత స్థాయిలో పంపాలి?

ప్రొఫెషనల్ యూనిట్లు సాధారణంగా ప్లస్ 4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులను తమ సగటు స్థాయిగా భావిస్తాయి. డిజిటల్‌లో మైనస్ 18 లేదా మైనస్ 20 డీబీఎఫ్ఎస్‌ను (డిజిటల్ గరిష్ఠ స్థాయిని సున్నాగా లెక్కించే కొలత) దానికి సమానంగా సర్దుకోవడం వాడుక. సగటు అక్కడ ఉంటే శిఖరాలకు చోటు మిగులుతుంది. మరింత నిండుదనం కావాలనుకుంటే కావాలనే పెంచి పంపండి, త్రెషోల్డ్‌ను కూడా పైకి జరపండి. చవక ఇంటర్‌ఫేస్‌ల అవుట్‌పుట్ ముందే క్లిప్ అయిపోవచ్చు, ఆ కరుకుదనాన్ని కంప్రెసర్ స్వభావమనుకోకండి.

## కొనుగోలు, కొలత, నిర్వహణ

ప్లగిన్ సరిపోదా, అంత డబ్బు ఎందుకు పెట్టాలి?

చాలామందికి సరిపోతుంది. మంచి ప్లగిన్లు కాలగతిని చాలా దగ్గరగా అనుకరిస్తాయి. ఇబ్బంది పై హార్మోనిక్స్ దగ్గర వస్తుంది. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో 24 కిలోహెర్ట్జ్‌కు పైన ఏదీ ఉండలేదు. 10 కిలోహెర్ట్జ్ స్వరానికి పుట్టిన 30 కిలోహెర్ట్జ్ మూడో హార్మోనిక్ మడత పడి 18 కిలోహెర్ట్జ్ దగ్గర, స్వరంతో సంబంధం లేని చోట తేలుతుంది. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంప్లింగ్ వేగంతో లెక్కించడం) ఉంటే ఆన్ చేయండి, ఈ దోషం చాలావరకు పోతుంది. అదే డబ్బుతో రికార్డింగ్ గదిని సర్దుకుంటే ధ్వని మరింత బాగుపడుతుంది.

ఒకే మోడల్ యూనిట్లు రెండు వేరుగా వినపడుతున్నాయి. ఒకటి నకిలీయా?

కానవసరం లేదు. ఫెట్ యూనిట్‌లో బయాస్ ట్రిమ్ కొంచెం జరిగినా త్రెషోల్డ్, డిస్టార్షన్ మారతాయి. ఆప్టికల్ సెల్‌లు ఏ రెండూ ఒకేలా ఉండవు, వాటిలోని వెలిగే పలక వయసుతో మసకబారుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతే కింది స్వరాలు పలచబడతాయి, టైమింగ్ కెపాసిటర్ విలువ మారితే రిలీజ్ మారుతుంది. 1176లోనే వేర్వేరు రివిజన్ల మధ్య సర్క్యూట్ మారింది. తరువాతి రివిజన్లలో క్లాస్-ఏ అవుట్‌పుట్ స్థానంలో పుష్-పుల్ వచ్చింది, చివరికి ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయింది. స్టీరియో పనికి రెండు కొంటే ఒకే రివిజన్‌వి తీసుకుని, ఒకే చోట కాలిబ్రేట్ చేయించండి.

అమెరికా నుంచి బంధువులతో తెప్పించిన యూనిట్‌ను ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెట్టవచ్చా?

వెనుక ఉన్న వోల్టేజ్ స్విచ్ చూడకుండా పెట్టవద్దు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్విచ్ ఉంటే 230కి మార్చి, ఫ్యూజ్‌ను కూడా తయారీదారు చెప్పిన విలువకు మార్చాలి. 230 దగ్గర కరెంటు దాదాపు సగమే కాబట్టి పాత ఫ్యూజ్ సరైన రక్షణ ఇవ్వదు. స్విచ్ లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 60 హెర్ట్జ్ కోసమే చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ దగ్గర మరింత వేడెక్కుతుంది, చుట్టూ గాలి ఆడనివ్వండి. ట్యూబ్ యూనిట్లలో వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటాయి. మూత తీసే పని తెలిసిన టెక్నీషియన్‌కే వదిలేయండి.

నేను వింటున్న తేడా నిజంగా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

రెండు పరీక్షలు చేయండి. మొదటిది కొలత. 100 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని యూనిట్ గుండా పంపి రికార్డు చేసి, స్పెక్ట్రమ్ అనలైజర్‌లో 200, 300, 400 హెర్ట్జ్ దగ్గర ఏమి లేచిందో చూడండి. ముందుగా కంప్రెషన్ లేకుండా, తరువాత 6 డెసిబెల్స్ తగ్గింపుతో నెమ్మది రిలీజ్‌లో, చివరగా వేగమైన రిలీజ్‌లో. మొదటి చిత్రంలో కనిపించేది యాంప్లిఫయర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల వాటా. రెండోదానిలో అదనంగా వచ్చేది ఎక్కువగా గెయిన్ భాగానిది, మూడోదానిలో వచ్చేది కంట్రోల్ వోల్టేజ్ ఊగిసలాటది. రెండోది వినికిడి. కంప్రెస్ చేసిన, చేయని రూపాల సగటు బిగ్గరతనాన్ని డెసిబెల్‌లో పదో వంతు, రెండు పదో వంతుల తేడాలోపు సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా మరొకరిని మార్చి వినిపించమని అడగండి. అసలును తిరగేసి కలిపి రద్దు చేసే పరీక్ష అనలాగ్ యూనిట్‌కు పనికిరాదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ల వల్ల వచ్చే కొద్దిపాటి ఫేజ్ మార్పే వినపడని తేడాను కూడా పెద్దదిగా చూపిస్తుంది.